నోటుపుస్తకం పట్టుకున్న పిల్ల

ఈ వారం ఉత్తరం బెంగళూరు నుంచి వచ్చింది. రాసినామెకి 40 ఏండ్లు. పుట్టిల్లు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, తమిళనాడు పొలిమేరకి దగ్గరి పల్లె. ఊళ్ళో పాండవులకీ ద్రౌపదమ్మకీ కట్టిన ధర్మరాజుల గుడి ఉంది. ఎండాకాలం వస్తే అక్కడ 18 రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం పందిట్లో హరికథ, రాత్రయితే తెల్లవార్లూ వీధి నాటకం. చివరిరోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం నిప్పుల గుండం. ఆ 18 రోజుల్లో ఎక్కడెక్కడో ఉన్న ఆడబిడ్డలంతా పుట్టింటికి వస్తారు. ఈమె కూడా పెండ్లయిన 16 ఏండ్లలో రెండుసార్లే తప్పిపోయిందట.

వాళ్ళ నాయనకి 69. 22 ఏండ్లు ద్రౌపది వేషం కట్టాడు. గొంతు బరువెక్కాక ధర్మరాజుకి మారాడు. ఇప్పుడు ఊరి నాటకం మేళంలో ఆయనతో కలిపి మిగిలింది ఐదుగురే. తక్కిన వేషాలకి పక్క ఊళ్ళ నుంచి మనుషుల్ని పిలిపించుకుంటున్నారు. "నా కాళ్ళు ఇంకెన్నేండ్లు ఆడతాయిమ్మే. ఈ ఏడు పిల్లోడికి అభిమన్యుడి వేషం కడదాం, పిల్చుకోని రా" అని సంక్రాంతి నుంచీ అడుగుతున్నాడు. పిల్లోడంటే ఈమె కొడుకు. 13 ఏండ్లు, 8వ తరగతి పరీక్షలు అయిపోయాయి. భర్త వాణ్ణి సెలవుల్లో ఆరు వారాల ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్‌లో చేర్చాడు. ఫీజు 32 వేలు కట్టేశాడు. ఆ ఆరు వారాల్లోనే భారతం వస్తుంది. నాటకం మాట ఎత్తితే ఆయన తిట్టలేదట, కోప్పడలేదట. రసీదు తెచ్చి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడట.

ఇంకో సంగతి కూడా ఉంది. రెండేళ్ళ కిందట పిల్లోడికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, వాడు బాగయితే గుండం తొక్కుతానని తాత మొక్కుకున్నాడు. నిరుడు జ్వరం వచ్చి తీర్చలేకపోయాడు. ఈ ఏడు తీర్చి తీరాలంటున్నాడు. ఆయనకి 12 ఏండ్లుగా షుగర్ ఉంది. ఆమధ్య అరికాల్లో ముల్లు దిగితే రెండు రోజుల దాకా ఆయనకి తెలియనే లేదు. ఊళ్ళో ఉన్న తమ్ముడు మామిడితోట చూసుకుంటాడు. "ముసలాయనకి చెప్పీ చెప్పీ నా నోరు పోయింది, నువ్వే చెప్పుకో. అసలు ఆ నాటకాలు మానేసి ఒక రాత్రి ఆర్కెస్ట్రా పెడితే జనమన్నా వస్తారు" అంటున్నాడు.

నాలుగు పేజీలు రాసి, చివర ఒక ప్రశ్న అడిగింది: "పిల్లోణ్ణి పంపాలా, వద్దా?"

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోచింగ్ గురించి ఒకటిన్నర పేజీ రాశారు. నాయన గుండం గురించి ఒక పేజీ, తమ్ముడి గురించి ముప్పావు పేజీ. పిల్లోడి మనసు గురించి ఒక్క వాక్యం: తాత పాడిన పద్యం ఫోన్లో రికార్డు చేసుకుని స్నానాల గదిలో వింటున్నాడని. మీ గురించి రాసిన కొద్దిలో రెండు వాక్యాలు: "నాయన ద్రౌపది పద్యాలు వల్లెవేసుకునేటప్పుడు నోటుపుస్తకం పట్టుకుని తప్పులు చెప్పేదాన్ని నేనే. అవన్నీ ఇప్పటికీ నాకు నోటికి వచ్చు, ఎందుకో ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది."

ఆ రెండు వాక్యాల దగ్గరికి తర్వాత వస్తాను. ముందు గుండం సంగతి తేల్చాలి. మిగతావి ఒక ఏడు అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. ఇది సర్దుకునేది కాదు.

షుగర్ చాలా ఏండ్లుగా ఉన్నవాళ్ళలో పాదాల నరాలు మొద్దుబారడం తరచుగా జరిగేదే. ముల్లు దిగింది రెండు రోజులు తెలియలేదంటే మీ నాయనకి ఆ స్థితి వచ్చిందనే అనుమానించాలి. గుండం తొక్కేవాళ్ళని గమనించే ఉంటారు. ఎవరూ నిప్పుల మీద నిలబడరు. అడుగు పడీ పడకముందే రెండో అడుగు లేస్తుంది. నిప్పు కణిక మీది బూడిద వేడిని అంత తొందరగా కాలికి ఎక్కనీయదు, ఆ లోపలే కాలు పైకి లేచిపోవాలి. లేపేది ఆ సెగే. సెగ తెలియని కాలు, దానికితోడు మోకాళ్ళు పట్టేసిన నడక. ఈ రెండూ ఉన్న మనిషి ఎంత భక్తితో దిగినా నిప్పుల మీద నాలుగు అడుగులు ఆలస్యమవుతాడు. కాలినా ఆయనకి ఆ రాత్రి తెలియదు. షుగర్ కాలికి పుండు పడితే మానడం ఎంత కష్టమో, ఒక్కోసారి వేలో పాదమో తీసేసేదాకా పోతుందని మీకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

మీరు రాయని ఇంకో ప్రమాదం కూడా ఉంది. కంకణం కట్టుకుంటే ఆయన ఒంటిపొద్దు ఉంటాడు కదా. షుగర్ మాత్రలు మాత్రం ఎప్పటిలాగా వేసుకుంటాడు. కడుపులో ఏమీ లేకుండా కొన్ని రకాల మాత్రలు పడితే షుగర్ బాగా దిగిపోవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. ముఖానికి రంగు, నెత్తిన కిరీటం, ఒంటిమీద భుజకీర్తులు ఉన్న మనిషికి అర్ధరాత్రి చెమట పడుతుంటే వేషం బరువుకి పడుతోందనే అనుకుంటారు. మాట తడబడితే పద్యం మరిచిపోయాడనుకుంటారు. అందుకే భారతం మొదలయ్యేలోపు డాక్టరుకి చూపించి, పాదాలు పరీక్ష చేయించి, ఉపవాసం ఉండే రోజుల్లో ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో రాయించుకోండి. బఫూను వేషం కట్టేవాడికో, మద్దెల వాయించేవాడికో ఈ సంగతి చెప్పి, చక్కెర పొట్లం ఒకటి వాళ్ళ దగ్గర పెట్టండి. మేళంలో తక్కిన నలుగురికీ ఆయనంటే ప్రాణం, వాళ్ళే చూసుకుంటారు.

మొక్కు మాటేమిటి అంటారు. మొక్కు ఆయన చేసుకున్నది, దాన్ని మీరు కొట్టిపారేయకూడదు. నాకు తోచిన దారులు రెండున్నాయి. ఒకటి, ఆయన కంకణం కట్టుకుని, అమ్మవారి కలశమైన కరగం వెంట గుండం అంచుదాకా నడిచి, ఆయన పేరున మీ తమ్ముడు దిగడం. మీ తమ్ముడు దీనికి ఒప్పుకుంటాడో లేదో మీకే తెలియాలి. బలవంతం మీద మాత్రం వద్దు. రెండోది, మొక్కు మార్చుకోవడం. పొంగలి పెట్టడమా, అన్నదానమా, గుడికి దీపమా, పూజారితో మాట్లాడుకుంటే ఆ ఊరి ఆచారంలో ఏది చెల్లుతుందో ఆయనే చెబుతాడు. ఈ మాట నాయనకి మీరు చెప్పేకన్నా పూజారి చెబితే మేలు. కూతురు చెబితే "నీకు వయసైపోయింది" అన్నట్టు వినిపిస్తుంది. పూజారి చెబితే అమ్మవారి దగ్గర్నించి వచ్చిన మాట అవుతుంది. అన్నీ విని కూడా ఆయన దిగుతానంటే? అప్పుడు నేనయితే ఆయన ఎదురుగా కూర్చుని ఒక్కటే అడుగుతాను: ఏ పిల్లోడి కోసం మొక్కుకున్నావో వాడి కళ్ళముందే నీ కాలు కాలితే, ఆ బరువు వాడు ఎన్నేండ్లు మోయాలి నాయనా?

ఇప్పుడు పిల్లోడు.

వాణ్ణి ఇంతవరకు ఎవరూ అడగలేదని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. తాత అడిగింది మిమ్మల్ని, భర్త రసీదు పెట్టింది మీ ముందు. వాణ్ణి అడగండి, కానీ వాళ్ళిద్దరి ముందూ కాదు. తాత ఎదురుగా అడిగితే ఊ అంటాడు, నాన్న ఎదురుగా అడిగితే వద్దంటాడు. 13 ఏండ్ల పిల్లోడు ఎవరి మనసూ నొప్పించకుండా బతకడం అప్పుడప్పుడే నేర్చుకుంటుంటాడు. మీరిద్దరే కూరగాయలకి పోయినప్పుడో, బండి మీద వస్తున్నప్పుడో అడగండి. "వేషం కడతావా?" అనకండి. "ఆ పద్యంలో నీకు ఏం నచ్చింది?" అనండి. తాత గొంతు నచ్చిందంటే ఒక సంగతి. "నేను పాడితే ఎట్లా ఉంటుందో చూద్దామని" అంటే అది వేరే సంగతి. ఏమో, తాతకి ఆరోగ్యం బాగోలేదని భయపడి ఆయన గొంతు దాచిపెట్టుకుంటున్నాడేమో కూడా. వాడు ఏం చెబుతాడో తెలియకుండా మీరూ నేనూ ఎన్ని దారులు ఆలోచించినా గాలిలో లెక్కలే.

వాడు సరేనంటే ముందున్న దారుల్లో మొదటిది మీ నాయన అడిగినట్టే 18 రోజులూ పంపి అభిమన్యుడి వేషం కట్టించడం. అభిమన్యుడంటే చిన్న వేషం కాదు, పద్మవ్యూహం రాత్రి నాటకమంతా వాడి మీదే నడుస్తుంది. పద్యాలు, దరువులనే పాటలు, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని హార్మోనియానికీ మద్దెలకీ కుదిరేటట్టు అడుగులు. ఒద్దికలకి, అంటే రిహార్సల్సుకి, మీకున్న టైము మూడు వారాలు కూడా లేదు. పైగా అది గొంతు మారే వయసు. ఆ వయసులో పై శ్రుతిలో రాత్రంతా పాడితే గొంతు చీరుకుపోతుంది, తర్వాత పాటంటేనే భయం పట్టుకుంటుంది. అన్నిటికీ మించి, మొదటిసారి ఎక్కి వందలమంది ముందు పద్యం మరిచిపోతే ఊరు నవ్వి ఊరుకుంటుంది, కానీ వాడు మరిచిపోడు. మీ నాయన చేయిపట్టి నేర్పితే పిల్లోడు అల్లుకుపోవచ్చు కూడా. అట్లాంటి పిల్లల్ని నేను చూశాను. కానీ కోచింగ్ పూర్తిగా పోతుంది, మీ ఆయన మనసులో ఈ నాటకం మీద శాశ్వతంగా ఒక ముల్లు దిగుతుంది. లాభనష్టాలు రెండూ చూసుకుని దిగండి.

రెండో దారి, చివరి ఐదు రోజులు మాత్రం పంపడం. వేషం వద్దు. తెర పట్టమనండి.

ఇది చిన్న పని అనుకోకండి. మీకు తెలిసిందే అయినా మళ్ళీ గుర్తు చేస్తాను. ఇద్దరు చెరో కొస పట్టుకుని తెర ఎత్తుతారు. జనానికి కనిపించేది తెర పైన కిరీటం కొస, తెర కింద గజ్జెల కాళ్ళు, అంతే. తెర పట్టినవాడికి మాత్రం అటుపక్క మనిషి మొత్తం కనిపిస్తాడు. పాత్ర ప్రవేశం ముందు ఆయన కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకోవడం, గొంతు సవరించుకోవడం, రంగు మీదుగా చెంప పక్కన చెమట గీత జారడం, దరువు అందుకునే ముందు మడమ రెండుసార్లు నేలకి తట్టుకోవడం. రాత్రి పదకొండుకి తన తాతగా ఉన్న మనిషి, తెర దించేసరికి ధర్మరాజు అవుతాడు. ఆ మార్పుని మూరెడు దూరం నుంచి చూసే చోటు అదొక్కటే. ఐదు రాత్రులు అక్కడ నిలబడ్డ పిల్లోడికి వేషం కావాలో వద్దో వాడికే తెలిసిపోతుంది. కోచింగ్‌లో వారం పాఠాలు పోతాయి, నోట్సు తెచ్చుకుని రాసుకోవచ్చు. చిక్కల్లా మీ నాయనే. "తెర పట్టడానికా నా మనవణ్ణి అడిగింది?" అంటాడు. అన్నప్పుడు, ఆయన మొదటి ఏడు మేళంలో ఏం పని చేశాడో చెప్పమని అడగండి. ఆ కథ ఆయన నోటితో పిల్లోడి ముందు చెప్పించండి.

మూడో దారి, ఈ ఏడు కోచింగే. ఒక శనాదివారాలు మాత్రం పోయి చూసి రావడం, మిగిలిన ఏడంతా ఫోన్లో తాత దగ్గర పద్యాలు నేర్చుకోవడం. ఇంట్లో గొడవ ఉండదు. కానీ వచ్చే ఎండాకాలానికి పిల్లోడు పదికి వస్తాడు, అప్పుడు ఇంకా కష్టం. ఆ తర్వాత ఇంటర్ ఎంట్రన్సులు. ఈ మాట మీ నాయనకీ తెలుసు, అందుకే ఆయన తొందర.

నా మనసు రెండోదాని వైపు ఉంది, దాచను. కానీ నేను చూడనిది, మీ ఇంట్లో మీరు చూసేది చాలా ఉంటుంది.

పిల్లోడికి తెలుగు చదవడం రాదని, పద్యం ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడని ఒక మూల రాశారు. ఇంగ్లీషు అక్షరాల్లో పద్యం రాసుకుంటే గురులఘువులు కలిసిపోతాయి. లకీ ళకీ తేడా పోతుంది, నకీ ణకీ పోతుంది, ఒత్తులు కూడా సరిగ్గా తెలియవు. తాత ముందు పాడితే మొదటి పాదంలోనే పట్టుకుంటాడు. వాడు బడిలో కన్నడ చదువుతున్నాడు కదా? పద్యాలు కన్నడ లిపిలో రాసుకోమనండి. తెలుగుకి ఉన్న అక్షరాలన్నీ దానిలో ఉన్నాయి, రూపం కూడా దగ్గర దగ్గరే. కన్నడ చదవగలిగిన పిల్లలు కాస్త కూర్చుంటే తెలుగు అక్షరాలు చాలా తొందరగా పట్టేస్తారు. ఏ దారి పట్టినా ఈ పని మాత్రం ఈ రోజే మొదలుపెట్టొచ్చు.

మీ ఆయన గురించి. కోప్పడకుండా రసీదు బల్ల మీద పెట్టిన మనిషిని నేను మొండివాడనుకోను. ఆయనకి భయం. బెంగళూరులో పక్కింటి పిల్లలంతా ఆరో తరగతి నుంచే కోచింగులకి పోతుంటే, మన పిల్లోడు ఒక్కడు వెనకబడితే ఆ తప్పు తన మీదికే వస్తుందనే భయం. ఆయన 16 ఏండ్లలో మీ ఊరికి సంక్రాంతికే తప్ప భారతానికి ఎప్పుడూ రాలేదని రాశారు. ఆయన దృష్టిలో నాటకమంటే రాత్రుళ్ళు నిద్ర చెడగొట్టుకుని రంగు పూసుకోవడం, అంతే. చూడనిదాని గురించి ఎంత వాదించినా లాభం లేదు. చివరిరోజు పొద్దుటికి ఆయన్ని పిలవండి. మైదానంలో మట్టితో చేసిన దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు, కిరీటం నుంచి కాలివేళ్ళ దాకా ఎంత పొడుగో. ఆ మట్టి బొమ్మ చుట్టూ, దాని మీదా భీముడూ దుర్యోధనుడూ తరుముకుంటుంటే వేలమంది ఎండలో నిలబడి ఉంటారు. భీముడు తొడ పగలగొట్టినప్పుడు లోపల పెట్టిన ఎర్రనీళ్ళు బయటికి వస్తాయి, ద్రౌపది వచ్చి ఆ ఎరుపు జుట్టుకి రాసుకుని, అన్నాళ్ళూ విరబోసుకున్న కొప్పు ముడుస్తుంది. ముసలీ ముతకా ఆ మట్టి కాస్త కొంగున కట్టుకుని ఇంటికి తీసుకుపోతారు. ఇది చూసి కూడా ఆయనకి ఏమీ అనిపించకపోతే అప్పుడు ఆయన మాటకి బరువు ఎక్కువ. చూసి అంటున్నాడు కదా. అనిపిస్తే, వచ్చే ఏటి మాట మీరు ఎత్తనక్కర్లేదు.

మీ తమ్ముణ్ణి కూడా తప్పు పట్టకండి. భారతం వచ్చేది సరిగ్గా తోతాపురి కోతల ముందు. తోట కాపలా, కూలీలు, గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరస, వీటి నడుమ నాయన్ని ఆసుపత్రికి తిప్పేది అతనే. ఇంటింటి చందా వసూలు కూడా అతని నెత్తినే పడినట్టుంది. అలసిపోయినవాడి నోటివెంట వచ్చిన మాట అది. మీ వాటా చందా ఈ ఏడు ముందే పంపి, ఆ 18 రోజుల్లో నాయన మాత్రల పూచీ నాది అని చెప్పండి. అప్పుడు మాట్లాడితే ఆర్కెస్ట్రా మాట దానంతటదే తగ్గుతుంది.

ఇక నేను చివరికి అట్టిపెట్టిన సంగతి.

పదేండ్ల పిల్ల, లాంతరు ముందు, ఒళ్ళో నోటుపుస్తకం. ఎదురుగా నాయన, ద్రౌపది మాటలు చెబుతూ. ఎక్కడన్నా ఆగితే పిల్ల అందిస్తుంది. తప్పు పలికితే మళ్ళీ చెప్పమంటుంది. 14వ ఏట మీరు ఒకసారి "నేను కడతా ద్రౌపది" అంటే ఆయన నవ్వేశాడని రాశారు. నవ్వాడు, అంతే, కోప్పడలేదు అని కూడా రాశారు. ఇరవై ఆరేండ్ల తర్వాత ఆ నవ్వు మీకు గుర్తుంది. ఇప్పుడు అదే నాయన, అదే ఆట కోసం, తెలుగు చదవడం రాని మనవణ్ణి బెంగళూరు నుంచి పిలిపించమంటున్నాడు. పద్యాలన్నీ నోటికి వచ్చిన కూతురు ఎదురుగానే ఉంది. మీకు ఏడుపొచ్చింది అందుకేనమ్మా. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మీ నాయనని తప్పు పట్టడానికి ఈ మాట అనలేదు. మగవాళ్ళు ఆడవేషం కట్టడం మన దగ్గర గొప్ప విద్య. స్థానం నరసింహారావుగారు 1956లో పద్మశ్రీ అందుకున్నారు, కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మగారు 1970లో. స్త్రీ పాత్రలకే పేరుమోసినవాళ్ళు ఇద్దరూ. 22 ఏండ్లు ద్రౌపదిగా ఉన్న మీ నాయన ఆ దారిలో మనిషే. కానీ అదే రాయలసీమలో, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధ నాటకంతో మొదలైన సురభి కుటుంబాల్లో ఆడవాళ్ళే ఆడవేషాలు కట్టారు. ఇంటిల్లిపాదీ అరంగం మీదే బతికారు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీలో నటించిన సురభి కమలాబాయి ఆ అరంగం నుంచి వచ్చినామే. అంతదూరం ఎందుకు, మీ ఊరి పందిట్లోనే చూడండి. హరికథ చెప్పే ఆడవాళ్ళని మీ జిల్లాలో ఎంతమందిని చూడలేదు? కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు, మధ్యాహ్నం అదే పందిట్లో భారతమంతా ఆడగొంతు చెప్పొచ్చు. రాత్రి అయ్యేసరికి అదే కథలో ద్రౌపది మాట మాత్రం ఆడమనిషి పలకకూడదా? ఊరి పెద్దలు దీనికి ఏ జవాబు చెబుతారో నాకు తెలియదు. అడగడానికి మాత్రం గట్టి ప్రశ్నే.

ఇదంతా చెప్పి మిమ్మల్ని ఈ ఏడే వేషం కట్టమని తోయడం లేదు. మీకు అసలు ఆ కోరిక ఇంకా ఉందో లేదో కూడా నాకు తెలియదు. ఉంటే, దానికీ మెట్లున్నాయి. ఒక సాయంత్రం నాయన పక్కన కూర్చుని, సభలో ద్రౌపది అడిగే ప్రశ్న దగ్గర నుంచి ఎత్తుకుని పాడండి. ఏమీ అడగొద్దు, పాడండి అంతే. ఆయన మళ్ళీ నవ్వొచ్చు. నవ్వితే బాధ కలుగుతుంది, అందుకు సిద్ధపడే పాడండి. ఒక్కోసారి అట్లాంటి మనుషులు నవ్వరు. రెండో పాదంలో వాళ్ళ చేయి తాళం వేయడం మొదలుపెడుతుంది. ఆయన ఒప్పుకుంటే వంత పాడటం నుంచి మొదలుపెట్టొచ్చు, హార్మోనియం పక్కన కూర్చుని. వేషం కట్టి ఎక్కడం దాకా పోవాలంటే మేళంలో ఆ నలుగురూ, గుడి పెద్దలూ ఒప్పుకోవాలి. మాటలు పడాల్సి వస్తుంది, తమ్ముడికి ఊళ్ళో తలనొప్పి అవుతుంది, మీ ఆయనకి ఇంకో ఆశ్చర్యం. అవసరమా అనిపిస్తే అక్కడే ఆగండి. ఆగినా మీ దగ్గరున్నది పోదు.

ఒక్కటి మాత్రం చేయకండి. మీరు నిలబడలేకపోయిన చోట నిలబడటానికని పిల్లోణ్ణి పంపకండి. తాత కోసమో, ఊరి కోసమో, వాడి ఇష్టం కోసమో పంపితే వాడు మోయగలడు. మీ పద్నాలుగో ఏటి కోరిక కూడా వాడి నెత్తిన పెడితే ఆ కిరీటం వాడికి బరువవుతుంది. మీరు పంపనన్నా ఇదే మాట. మీకు దక్కనిది వాడికి ఎందుకు దక్కాలన్న కోపం లోపల ఎక్కడో ఉంటే, దాన్ని కోచింగ్ చాటున దాచకండి. ఈ రెంటిలో ఏది మీలో ఉందో, అసలు రెండూ లేవో, ఒకసారి మీరే చూసుకోండి.

ఆ నోటుపుస్తకం ఇప్పుడు ఎక్కడుందో మీరు రాయలేదు. అటకమీద ట్రంకుపెట్టెలో ఉంటే చెదలు ముట్టకముందే దించండి. వీధి నాటకాల పాఠం చాలావరకు ఇట్లా మేళంలో వాళ్ళ చేతిరాతలోనే ఉంటుంది, ఒక ఊరి పాఠం ఇంకో ఊళ్ళో ఉండదు. నాయన గొంతుతో మొత్తం ఫోన్లో రికార్డు చేయండి. ద్రౌపది మాత్రమే కాదు, ఆయనకి వచ్చిన వేషాలన్నీ. పిల్లోడు రికార్డు చేస్తాడు, మీరు రాయండి, ఆయన తప్పులు దిద్దుతాడు. దీనికి కోచింగ్ మానక్కర్లేదు, ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. ధ్వజారోహణానికి ముందు ఒక శనివారం పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం సంగటి వేళకి ఊళ్ళో ఉంటారు. డాక్టరు చీటీ, పూజారితో మాట కూడా ఆ రెండు రోజుల్లోనే అయిపోతాయి. పోయేటప్పుడు రెండు వందల పేజీల రూళ్ళ పుస్తకం ఒకటి కొనుక్కుపోండి.